మంచానికి బీమా, మాత్రకి బిల్లు

మన దేశంలో జబ్బు చేస్తే ఆదుకోడానికి బీమాలకేం కొదవ లేదు. ఆరోగ్యశ్రీ ఉంది (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు), ఆయుష్మాన్ భారత్ ఉంది, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ ఉంది. ఇవేవీ లేకపోతే టీవీలో గంటకోసారి మనల్ని భయపెట్టి అమ్మే పాలసీలున్నాయి. పేర్లు వేరు, కార్డుల రంగులు వేరు. షరతు మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. మీరు మంచం ఎక్కాలి.

ఇరవై నాలుగు గంటలు ఆసుపత్రి మంచం మీద పడుకున్నవాడు రోగి. కంటి శుక్లాలు, డయాలసిస్ లాంటి కొన్నిటికి ఆ గంటల లెక్క సడలిస్తారు, అంతే. మంచం ఎక్కకుండా, నెలనెలా మందులు కొనుక్కుని, బీపీనీ షుగర్నీ అదుపులో పెట్టుకుని, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేవాడు రోగి కాదు. వాడికి బీమా లేదు. వాడికి ఉన్నది జేబు.

ఈ టపాలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మధ్యతరగతినీ, అంతకంటే కింద ఉన్నవాళ్ళనీ నెలనెలా కొరుక్కుతినేది ఆపరేషన్ బిల్లు కాదు, మందుల షాపు బిల్లు. ఆ బిల్లు అంత ఉండాల్సిన అవసరం లేదు. అంత ఉండటానికి కారణం సైన్సు కాదు, రూల్సు.

ముందు లెక్క చూద్దాం. కేంద్ర ప్రభుత్వం ఏటా వేసే జాతీయ ఆరోగ్య పద్దుల ప్రకారం 2013-14 లో దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం సొంత జేబులోంచి పెట్టింది 64.2 శాతం. 2021-22 కి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గింది, సంతోషం. కానీ ఇన్ని పథకాల తర్వాత కూడా వంద రూపాయల వైద్యంలో ముప్ఫై తొమ్మిది రూపాయలు రోగే తీసి కౌంటర్ మీద పెడుతున్నాడంటే, ఆ పథకాలు తాకని చోటు ఏదో గట్టిగానే ఉందన్నమాట. ఆ చోటు పేరు ఓపీ. డాక్టరు గారు చూసి, చీటీ రాసి, "నెల తర్వాత రండి" అని పంపించేసే చోటు.

గుండె ఆపరేషన్ అయిన మనిషిని తీసుకోండి. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు ప్యాకేజీలోనే వస్తాయి. పదహారో రోజుకి గుండెజబ్బు నయమైపోతుందని కాబోలు! ఆరోగ్యశ్రీలో కొన్ని ఆపరేషన్లకి కొంతకాలం పాటు ఫాలో అప్ మందులిచ్చే ప్యాకేజీలున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ తర్వాత? రక్తం పలచబడే బిళ్ళ, కొలెస్ట్రాల్ బిళ్ళ, బీపీ బిళ్ళ... ఇవన్నీ ప్రాణం ఉన్నంతకాలం. లక్షల ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. ఆ లక్షలు వృథా కాకుండా కాపాడే మాత్రలు మాత్రం నువ్వే కొనుక్కో అంది.

మందుల షాపు దగ్గర ఓ అరగంట నిలబడి చూడండి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటి మనిషి ఒకాయన వస్తాడు. నలిగిపోయిన చీటీ ఇచ్చి, "నెలకి వద్దన్నా, అయిదు గోలీలు చాలు" అంటాడు. షాపు కుర్రాడు కత్తెర తీసి స్ట్రిప్పుని కత్తిరించి ఇస్తాడు. ఎక్స్‌పైరీ తేదీ ఒక ముక్క మీద ఉంటుంది, మందు పేరు ఇంకో ముక్క మీద ఉంటుంది. ఆ అయిదూ అయిపోయాక మళ్ళీ జీతం వచ్చేదాకా గ్యాప్. కొందరైతే రోజు విడిచి రోజు వేసుకుంటారు. అది వాళ్ళకి తెలియక కాదు. నెల మందులు రెండు నెలలు రావాలి, అందుకు.

బీపీ, షుగర్ అలా వదిలేస్తే చివరికి దెబ్బ తినేవాటిలో కిడ్నీలు ముందుంటాయి. (ఉద్దానం కథ వేరు, అక్కడ కారణమే వేరేదన్న చర్చ నడుస్తోంది.) కిడ్నీ పోయాక డయాలసిస్‌కి ఆరోగ్యశ్రీ పనిచేస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ డయాలసిస్ రోగులకి పెన్షన్ కూడా ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే, నేను కాదనను. కానీ ఎంత విడ్డూరమో చూడండి. కిడ్నీ పాడవకుండా ఆపే బిళ్ళకి డబ్బులు నువ్వు కట్టు, పాడయ్యాక మిషనుకి మేం కడతాం అంటోంది ప్రభుత్వం. మన ఆఫీసులో ఎవడైనా టెస్టింగుకి బడ్జెట్ లేదు గానీ ప్రొడక్షన్ కూలిపోయాక ఎంతైనా ఇస్తామంటే వాణ్ణి మేనేజర్ అంటామా?

"ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ మాత్రలు ఉచితమే కదా" అంటారు. ఉచితమే. 2017 లో మొదలైన బీపీ నియంత్రణ కార్యక్రమంలో తొలి విడత రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ లాంటి రెండు మూడు పాత మందులతో, ఒక పద్ధతి ప్రకారం, ఎక్కువమందికి బీపీ అదుపులో పెట్టవచ్చన్నది ఆ కార్యక్రమం పునాది. మంచి ఆలోచన. కానీ పొద్దున తొమ్మిదికి పనిలో ఉండాల్సినవాడు ఆ టైముకి పీహెచ్‌సీకి ఎలా వెళ్తాడు? సాయంత్రం ఏడింటికి తెరిచి ఉండేది ప్రైవేటు క్లినిక్కే. అక్కడ రాసే చీటీలో ఉండే పేర్లు సర్కారు మందుల గదిలో ఉండవు. అసలు తిరకాసు ఆ పేర్ల దగ్గరే మొదలవుతుంది.

మనం జెనరిక్ మందులంటే జన ఔషధి షాపులో దొరికేవే అనుకుంటాం. కాదు. పేటెంటు కాలం తీరిపోయిన మందు ఏ కంపెనీ చేసినా జెనరిక్కే. మన మెడికల్ షాపులో బీరువా నిండా ఉన్నవాటిలో నూటికి తొంభైకి పైగా జెనరిక్కులే, ఒక్కోదానికీ ఒక్కో బ్రాండు పేరు తగిలించి అమ్ముతారు. మెట్‌ఫార్మిన్ ఒకటే. దానికి పేర్లు మాత్రం వందల్లో ఉంటాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటారే, అది. పండించిన కాయ ఒకటే, ధర మాత్రం చెట్టు పేరుని బట్టి.

ఇది ఇవాళ నేను కనిపెట్టిన సంగతేం కాదు. 1975 లో హాథీ కమిటీ, మందులకి బ్రాండు పేర్లు దశలవారీగా ఎత్తెయ్యమని ప్రభుత్వానికి చెప్పింది. యాభై ఏళ్ళు దాటింది. పేర్లు ఎత్తెయ్యలేదు సరికదా, గుర్తుపట్టలేనన్ని పుట్టాయి.

సరే, పేర్లు ఎన్నున్నా చవకది కొనుక్కోవచ్చు కదా? బియ్యం అలాగే కొంటాం, సబ్బు అలాగే కొంటాం. మందు అలా కొనలేం. ఎందుకంటే మందు దగ్గర ఎంచుకునేవాడు ఒకడు, డబ్బు కట్టేవాడు ఇంకొకడు. ఏ బ్రాండు అన్నది డాక్టరు గారి నిర్ణయం. బిల్లు మనది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్ (1945) లో 65 (11ఎ) అని ఒక రూలుంది. షెడ్యూల్ హెచ్ మందు చీటీలో ఏ బ్రాండు రాస్తే షాపువాడు అదే ఇవ్వాలి. అదే మందు వేరే కంపెనీది సగం ధరకి తన బీరువాలోనే ఉన్నా, దాని బదులు ఇది ఇవ్వకూడదు. ఆచరణలో ఇస్తారనుకోండి, స్టాకు లేనప్పుడు, లేదా వాళ్ళకి మార్జిన్ ఎక్కువున్నప్పుడు. మనకి లాభం ఉన్నప్పుడు మాత్రం ఆ రూలు గుర్తొస్తుంది.

ఇప్పుడు తమాషా చూడండి. 2008 లో మొదలైన జన ఔషధి షాపులు ఇవాళ దేశమంతా పదిహేను వేలు దాటాయి. వాటి మీద బోర్డులు, ప్రకటనలు, ఏటా ఉత్సవం. ఒక చేత్తో ఈ షాపులు తెరిచిన ప్రభుత్వమే, చీటీలో బ్రాండు పేరుంటే దాని బదులు జెనరిక్ ఇవ్వకూడదన్న రూలుని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ ఒకళ్ళే!

మరి డాక్టర్లనే జెనరిక్ పేర్లు రాయమనొచ్చు కదా? రాయమన్నారు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళిలో "వీలైనంత వరకు" రాయమన్నారు. 2016 లో ప్రతి డాక్టరూ రాయాలి, అదీ అర్థమయ్యే అక్షరాల్లో, అన్నారు. ఎవరు రాశారు? 2023 ఆగస్టు 2 న నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నియమావళిలో తప్పనిసరి అంది, రాయకపోతే చర్య అంది. డాక్టర్ల సంఘాలు గగ్గోలు పెట్టాయి. ఆగస్టు 23 న ఆ నియమావళి మొత్తాన్నీ పక్కన పెట్టేశారు. మూడు వారాలు! మా ఆఫీసులో పనికిరాని ఫీచర్ కూడా అంతకంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

మా అమ్మ మందుల సంగతి చెప్తాను. తెనాలిలో ఉంటుంది. బీపీ, షుగర్, థైరాయిడ్, కొలెస్ట్రాల్ - ఆ వయసులో అందరికీ ఉండేవే. ఒకసారి ఆవిడ చీటీ ముందు పెట్టుకుని, ఒక్కో బ్రాండు వెనక ఉన్న అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, అన్నీ ఎక్సెల్‌లో వేశాను. బ్రాండ్ల ధరకి నెలకి రెండు వేల ఎనిమిది వందల చిల్లర. అవే మందులు, అవే మిల్లీగ్రాములు, జన ఔషధి ధరకి తొమ్మిది వందల లోపు. ఒక్క కాంబినేషన్ మాత్రం అక్కడ లేదు, దాన్ని విడగొట్టి రెండు మాత్రలుగా లెక్కేశాను. ఆ కాగితం పట్టుకుని అమ్మ డాక్టరు గారి దగ్గరికి వెళ్తే ఆయన, "అవి పనిచేయవమ్మా. మీ ఇష్టం మరి" అన్నారట. ఏవి, ఎందుకు పనిచేయవో చెప్పలేదు. ఇక మా అమ్మ నాతో, "డాక్టరు గారికంటే నీకెక్కువ తెలుసట్రా? నువ్వు చదివింది కంప్యూటర్లు!" అని ఫోన్ పెట్టేసింది. "మీ ఇష్టం మరి" అన్న ఒక్క మాట ఖరీదు నెలకి పంతొమ్మిది వందలు. ఆ మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఏ పేషెంటుకుంటుంది?

డాక్టర్లందరినీ ఒకే గాటన కట్టడం లేదు. జెనరిక్ పేరు రాసేవాళ్ళూ, శాంపిల్స్ పేదవాళ్ళకి పంచేసేవాళ్ళూ నాకూ తెలుసు. కానీ పద్ధతి గురించి మాట్లాడాలి. వెయిటింగ్ హాల్లో టై కట్టుకుని, బ్యాగు పట్టుకుని కూర్చునే మెడికల్ రెప్ ఎందుకొచ్చాడు? మెట్‌ఫార్మిన్ పనిచేస్తుందని డాక్టరు గారికి చెప్పడానికా? మన కంపెనీల్లో ఏడాదికోసారి ఎథిక్స్ ట్రైనింగ్ అని ఒక బోరింగ్ వీడియో చూపిస్తారు గుర్తుందా? వెండర్ దగ్గర స్వీటు డబ్బా మించి తీసుకుంటే చెప్పాలి, లేకపోతే ఉద్యోగం ఊడుతుంది. ఎందుకు? వెండర్‌ని ఎంచుకునేది మనం, డబ్బు కంపెనీది కాబట్టి. మందుల దగ్గరా లెక్క అంతే. ఫార్మా కంపెనీల దగ్గర బహుమతులు తీసుకోకూడదని డాక్టర్లకి 2009 డిసెంబర్ నుంచీ నిషేధం ఉంది. ఇచ్చే కంపెనీలకి 2015 నుంచి ఒక "స్వచ్ఛంద" నియమావళి. 2024 మార్చిలో దాన్నే కొత్తగా తెచ్చారు. ఫిర్యాదు చేస్తే విచారించేది ఎవరయ్యా అంటే ఫార్మా కంపెనీల సంఘంలోనే ఉండే ఒక కమిటీ. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. ఇలాంటి బహుమతుల ఖర్చుకి ఆదాయపు పన్ను మినహాయింపు కావాలని ఒక కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది! 2022 ఫిబ్రవరిలో కోర్టు కుదరదంది. ఆ బహుమతుల ఖర్చు చివరికి మందు ధరలో కలిసి పేషెంటు నెత్తినే పడుతుందని కూడా గుర్తుచేసింది.

"ధరల నియంత్రణ ఉంది కదా" అంటారా? ఉంది. ఎలా ఉందో చూడండి. 1995 నాటి ఉత్తర్వులో జాబితాలో ఉన్న మందుకి తయారీ ఖర్చు లెక్కేసి, దాని మీద వంద శాతం వరకు కలిపి ధర కట్టేవారు. 2013 ఉత్తర్వు ఆ పద్ధతి తీసేసింది. ఇప్పుడు మార్కెట్లో కనీసం ఒక శాతం వాటా ఉన్న బ్రాండ్లన్నిటి ధరల సగటు తీసి, షాపువాడికి 16 శాతం కలిపి, అదే సీలింగ్ అంటున్నారు. ఉదాహరణకి షాపులకి ఒకే మాత్రని అయిదు కంపెనీలు పది, పన్నెండు, నలభై, నలభై ఎనిమిది, అరవై రూపాయలకి ఇస్తున్నాయనుకోండి. సగటు 34. సీలింగ్ 39 రూపాయల 44 పైసలు. అరవై వాడు తగ్గించాడు, నిజమే. కానీ పది రూపాయలకి ఇచ్చి కూడా ఒకడు బతుకుతున్నాడన్న అసలు సంగతి సగటులో కొట్టుకుపోయింది. పెంచినవాళ్ళు పెంచిన ధరలతోనే న్యాయమైన ధర కడితే అది నియంత్రణ ఎలా అవుతుంది?

పైగా ఆ సీలింగ్ ఏటా టోకు ధరల సూచీతో పాటు పెరగొచ్చు. 2022 లో 10.76 శాతం, 2023 లో 12.12 శాతం పెంచుకోడానికి అనుమతి వచ్చింది. అంతకంటే కీలకం ఏమిటంటే, 2022 నాటి అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి 384. జాబితాలో లేని మందు ధర ఏడాదికి పది శాతం వరకు ఎవరినీ అడక్కుండా పెంచుకోవచ్చు. చక్రవడ్డీ లెక్క వేసుకోండి, ఎనిమిదేళ్ళలో రెట్టింపు దాటుతుంది. మీ జీతం రెట్టింపయిందేమో గానీ మీ నాన్నగారి పెన్షన్ అయిందా?

ఇక కాంబినేషన్ల గారడీ ఒకటుంది. జాబితాలో ఉన్న మందుకి ఇంకో మందు కలిపి ఒకే బిళ్ళ చేస్తే, విడి మందుకి కట్టిన సీలింగ్ ఆ బిళ్ళకి వర్తించదు. కొన్ని కాంబినేషన్లకి వైద్యపరంగా అర్థం ఉంది. చాలావాటికి లేదని ప్రభుత్వమే తేల్చింది. 2018 సెప్టెంబర్లో 328, 2024 ఆగస్టులో 156 కాంబినేషన్లని నిషేధించింది. నిషేధించే రోజు దాకా అవి ఎవరో ఒకరి చీటీలో ఉన్నాయి, ఎవరో ఒకరు డబ్బులిచ్చి మింగారు.

హైదరాబాద్‌లో ఉండి ఇవన్నీ అనుభవించడం ఇంకా కడుపుమంట. ఈ ఊరికీ మందులకీ సంబంధం ఇవాళ్టిది కాదు. 1960ల్లో బాలానగర్‌లో ప్రభుత్వ రంగంలో ఐడీపీఎల్ పెట్టారు. అక్కడ పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి గారు 1984 లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. 1970 పేటెంటు చట్టం ఇచ్చిన వెసులుబాటుతో జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలతో నిండిపోయాయి. ఇవాళ ఇక్కడ తయారైన మాత్రలు ఓడలెక్కి అమెరికా వెళ్తాయి. అక్కడ ఉన్న మన తెలుగువాళ్ళని అడగండి. ఫార్మసీలో ఇచ్చే ఆ నారింజ రంగు డబ్బా మీద ఏముంటుంది? ఉత్త జెనరిక్ పేరు. డాక్టరు ప్రత్యేకంగా వద్దని రాస్తే తప్ప, బ్రాండు బదులు చవకైన జెనరిక్ ఇవ్వడం అక్కడ ఫార్మసీ మామూలుగా చేసే పని. అమెరికా స్వర్గమని కాదు. పేటెంటు ఉన్న మందుల దగ్గర, ఇన్సూరెన్స్ దగ్గర వాళ్ళ గోల మనకంటే పెద్దది. కానీ జెనరిక్‌ని జెనరిక్‌లా కొనడం వాళ్ళకి తెలుసు. మన ఊరి వాసన మనం పీల్చి, మన ఊళ్ళో చేసిన మందుని వాళ్ళకి అసలు పేరుతో పంపించి, మనం మాత్రం పెట్టుడు పేరుకి అదనంగా కడుతున్నాం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత!

ఇప్పుడు రాబోయే అభ్యంతరాలకి వద్దాం.

"పరిశోధనకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?" మెట్‌ఫార్మిన్ మీద, ఆమ్లోడిపిన్ మీద ఇంకా ఏం పరిశోధిస్తున్నారు బాబూ? పేటెంటు తీరి ఏళ్ళు గడిచిన మందుల గురించి మాట్లాడుతున్నాం.

"జెనరిక్‌ల నాణ్యత బాగుండదు." ఇది మాత్రం గట్టి అభ్యంతరమే, తోసిపుచ్చను. మందు రక్తంలో అసలు మందుతో సమానంగా కలుస్తోందా అన్న పరీక్ష మన దగ్గర చాలా మందులకి 2017 ఏప్రిల్ దాకా తప్పనిసరే కాదు. నియంత్రణ వ్యవస్థ బలహీనం, నిజం. కానీ బ్రాండు దానికి విరుగుడు ఎలా అవుతుంది? ఒకప్పుడు దేశంలోకెల్లా పెద్ద మందుల కంపెనీల్లో ఒకటైన ర్యాన్‌బాక్సీ, నాణ్యత విషయంలో నేరం ఒప్పుకుని 2013 లో అమెరికాలో 50 కోట్ల డాలర్లు కట్టింది. 2025 లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో పసిపిల్లల ప్రాణాలు తీసిన దగ్గుమందు సీసా మీద ఉన్నదీ బ్రాండు పేరే. నాణ్యత అనేది తనిఖీ చేస్తే వస్తుంది, పేరు పెడితే రాదు. తనిఖీ చెయ్యాల్సింది ప్రభుత్వం. చెయ్యనందుకు జరిమానా పేషెంటు నెలనెలా కట్టాలా?

"డాక్టరు జెనరిక్ పేరు రాస్తే, ఏ కంపెనీది ఇవ్వాలో షాపువాడు ఎంచుకుంటాడు. తనకి ఎక్కువ మార్జిన్ ఉన్నది అంటగడతాడు." డాక్టర్ల సంఘాలు 2023 లో చెప్పిన మాట ఇదే. నిజాయితీగా చెప్పాలంటే ఇది నిజం. మామూలు షాపుల్లో అమ్మే కొన్ని జెనరిక్‌ల మీద ఎమ్మార్పీ బ్రాండు ధరకి దగ్గర్లోనే ముద్రిస్తారు, షాపువాడికి మాత్రం అందులో కొంచెం ధరకే పడుతుంది. మిగిలిందంతా మార్జిన్. వీధివీధికీ "20 శాతం డిస్కౌంట్" బోర్డులు ఊరికే వెలుస్తున్నాయా? అందుకే జెనరిక్ పేరు ఒక్కటే చాలదు, మార్జిన్‌కి కూడా కళ్ళెం వెయ్యాలి. వెయ్యలేనిదేం కాదు. 2019 లో 42 క్యాన్సర్ మందులకి మార్జిన్ 30 శాతం దాటకూడదన్నారు, వాటిలో చాలా బ్రాండ్ల ధరలు దిగొచ్చాయి. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్ల ధర కట్టడి చేశారు. అప్పటిదాకా లక్ష దాటిన మందుపూత స్టెంటుకి 29,600 రూపాయల సీలింగ్ పెట్టారు. స్టెంట్లు మాయమైపోతాయని భయపెట్టారు. ఏమీ మాయం కాలేదు. ఆసుపత్రులు మిగతా పద్దుల్లో వడ్డించుకున్నాయన్న విమర్శలు వచ్చాయి. అంటే దొంగతనానికి ఇంకో తలుపు కూడా ఉందన్నమాట. దాన్నీ మూయమనాలి గానీ, మూసిన తలుపు తెరవమంటామా?

బీమా దగ్గరికి మళ్ళీ వస్తాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు, చాలా మందుల మీద 12 నుంచి 5 కి తగ్గించారు. మంచి పనే. కానీ మందు ధరే ఉబ్బించింది అయినప్పుడు దాని మీద పన్ను తగ్గిస్తే ఎంతని? ప్రీమియం మీద పన్ను పోయినా, ఆ ప్రీమియం మంచానికే కదా? బీమా నియంత్రణ సంస్థ లెక్కల ప్రకారమే 2023-24 లో ఆరోగ్య బీమా కంపెనీల ముందున్న క్లెయిముల మొత్తంలో చెల్లించింది 71 శాతం చిల్లర. మంచం ఎక్కినవాడికీ పూర్తి భరోసా లేదు. ఓపీ మందులకి కూడా కవరేజీ ఇస్తామనే పాలసీలు ఈ మధ్య వస్తున్నాయి. వాటికి అదనంగా కట్టే ప్రీమియం, తిరిగొచ్చే మందుల డబ్బు పక్కపక్కన పెట్టి చూడండి, మన డబ్బు మనకే ఇచ్చి మధ్యలో కమిషన్ తీసుకున్నట్టుంటుంది. తప్పదు మరి. నెలనెలా కచ్చితంగా వచ్చే ఖర్చుకి బీమా అనేది పనిచేసే పనిముట్టు కాదు. ఇల్లు కాలితే బీమా. రోజూ పొయ్యిలోకి గ్యాసు కావాలంటే బీమా కాదు, సరసమైన ధర కావాలి.

కాబట్టి నేనడిగేవి మూడు.

ఒకటి, 65 (11ఎ) రూలు మార్చండి. చీటీలో బ్రాండున్నా, పేషెంటు అడిగితే అదే మందు చవకది ఇచ్చే హక్కు, ఇచ్చి తీరాల్సిన బాధ్యత ఫార్మసిస్టుకి పెట్టండి. చీటీలో జెనరిక్ పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలన్న నిబంధన మళ్ళీ తీసుకురండి, ఈసారి మూడు వారాలకే వెనక్కి తగ్గకండి.

రెండు, జెనరిక్‌ల మీద మార్జిన్‌కి హద్దు పెట్టండి, ప్రతి బ్యాచ్ పరీక్ష ఫలితం జనం చూసుకునేలా పెట్టండి. స్ట్రిప్పు మీద కోడ్ స్కాన్ చేస్తే రిపోర్టు రావాలి. ఇది చంద్రయానం కాదు, మా టీములో నలుగురు కుర్రాళ్ళు చేసే పని.

మూడు, బీపీ, షుగర్, ఉబ్బసం, థైరాయిడ్, మూర్ఛ లాంటి జీవితకాలపు జబ్బుల మందులు సర్కారు ఆసుపత్రిలో ఎప్పుడు వెళ్ళినా దొరకాలి, సాయంత్రాలు కూడా. తమిళనాడు 1990ల మధ్యలోనే మందులు కొనడానికి ఒక సంస్థ పెట్టి, టెండర్లు పిలిచి, పరీక్షలు చేయించి, ఒక్కో ఆసుపత్రికి మందుల పాస్‌బుక్ ఇచ్చి నడిపిస్తోంది. రాజస్థాన్ 2011 అక్టోబర్ 2 న ఉచిత మందుల పథకం పెట్టింది. మన రెండు రాష్ట్రాలకీ మందులు కొనే కార్పొరేషన్లు ఉన్నాయి. లేనిది శ్రద్ధ. ఆరోగ్యశ్రీ పరిమితి రెండు లక్షలా, పాతికా అన్నది ఎన్నికల సభలో బాగా వినపడుతుంది. పీహెచ్‌సీలో ఆమ్లోడిపిన్ స్టాకు ఉందా అన్నది వినపడదు. ఓటు మంచానికి పడుతుంది, మాత్రకి పడదు. అసలు రోగం అదే.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది చిన్నదే. ఈసారి డాక్టరు గారి ముందు కూర్చున్నప్పుడు, "సార్, మందు అసలు పేరు కూడా రాయండి" అని అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడగండి. మందు మనం మింగేది, డబ్బు మనం కట్టేది. పేరు తెలుసుకునే హక్కు కూడా లేదంటే ఎలా?